ఏ అంటె ఏంది వదినె?

దసరా సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మా మరదలు కొంగు కింద ఏదో దాచుకొని వచ్చింది. మా చిన్నమ్మ కొడుకు భార్య తను. పొద్దంతా పత్తి ఏరి వచ్చింది, వేళ్లకు ఇంకా దూది పోగులు అంటుకొనే ఉన్నాయి. కొంగు కింద ఉన్నది బిడ్డ ప్రోగ్రెస్ కార్డు. చేతులు తుడుచుకొని, బ్యాంకు పాసుబుక్కు ఇచ్చినంత జాగ్రత్తగా ఇచ్చింది.

"జర సదివి చెప్పు వదినె. బిడ్డకు ఇంగిలీసు వచ్చినట్టేనా?"

పాప మూడో తరగతి. మా ఊరి సర్కారు బడి, ఇంగ్లిష్ మీడియం. కార్డులో తెలుగుకు బి, లెక్కలకు బి, ఇంగ్లిష్‌కు ఏ. టీచర్ అభిప్రాయం అన్న చోట ఇంగ్లిష్‌లో రెండు మాటలు: వెరీ గుడ్. తల్లి లేదా తండ్రి సంతకం అన్న గడి ఖాళీగా ఉంది.

"ఇంగ్లిష్‌ల ఏ వచ్చింది," అన్నాను.

"ఏ అంటె ఏంది వదినె?"

"మంచిగ వచ్చినట్టు."

"మంచిగ అంటె? సదువుతదా?"

తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని, డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాను. ఆమె అడిగినదానికి అందులో ఎక్కడా జవాబు లేదు.

పాపను పిలిచాను. ఇంగ్లిష్ పుస్తకం తెచ్చుకుంది. ఒక పాఠం తీసి, వేలు పెట్టి, ఎక్కడా ఆగకుండా గడగడా చదివింది. వాళ్లమ్మ ముఖం చూడాలి. నాకూ సంతోషమేసింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. పేపర్లు దిద్దీ దిద్దీ వచ్చిన పాడు అలవాటు నాది. ఆ పాఠంలో ఉన్న మాటలే నాలుగైదు తీసుకొని, వరస మార్చి, ఒక చిన్న వాక్యం కాగితం మీద రాసి ఇచ్చాను. కుక్క చెట్టు కింద ఉంది, అంతే.

పాప కాగితం చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"ఇది ఏ పాఠం అత్తమ్మా?"

"ఏ పాఠంల లేదు. నువ్వే సదువు."

చాలాసేపు చూసింది. డాగ్ అని పలికింది. ట్రీ దగ్గర టి, ఆర్ అని అక్షరాలు చెప్పింది. మధ్యలోవి తెలియలేదు. చివరికి భయం భయంగా అడిగింది: "చూసి రాయాల్నా అత్తమ్మా?" నేను ఏమీ అనకముందే కింద రాసేసింది. నా రాతకన్నా ఆ పిల్ల రాత ఎంతో బాగుంది. అక్షరం పక్కన అక్షరం, చుక్కల ముగ్గు వేసినట్టు. ముగ్గు వేసేవాళ్లు ముగ్గును చదవరు కదా.

అక్కడ మా మరదలు ఏమీ అనలేదు. పిల్ల బాగా రాసింది కదా అని నవ్వింది. నేనూ కార్డు చేతికిచ్చి, సంతకం రేపు పెడుదువులే అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సెలవులు అయిపోయాక కాలేజీకి ఒక పూట సెలవు పెట్టి బడికి వెళ్లాను. కొట్లాటకు వెళ్లానని కొందరు మిత్రులు అనుకుంటారేమో. సగం అందుకే వెళ్లాను, నిజమే. అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు. ఒకటి, రెండు, మూడు తరగతులు ఒకే గదిలో. ఆ గది టీచరమ్మ పక్క మండలం నుంచి వస్తుంది. ఆమె కూడా మనమ్మాయే. నేను ఎవరి తాలూకో, ఎందుకు వచ్చానో చెప్పగానే ఆమెకు అర్థమైంది.

"ఏ ఎట్ల వచ్చిందో చెప్త, కూసోండ్రి మేడం," అంది.

మన దగ్గర ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, రెండు సమ్మేటివ్‌లు. ఒక్కో ఫార్మేటివ్‌లో నాలుగు అంశాలు: పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. కాగితం మీద మంచి పద్ధతే. పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకుండా బిడ్డను నాలుగు వైపుల నుంచి చూడాలని పెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అడిగిన నిరంతర సమగ్ర మూల్యాంకనం ఇదే.

"మీ పాప రోజూ వస్తది. చెయ్యెత్తుతది, రైమ్స్ పాడుతది. భాగస్వామ్యానికి నిండుగ ఇచ్చిన. నోట్సు ముత్యాల లెక్క రాస్తది, దానికీ ఇచ్చిన. ప్రాజెక్టు చార్టు చూసి ఎక్కించింది. లఘు పరీక్షల అడిగినయి ముందురోజు బోర్డు మీద రాయించినయే. ఇప్పుడు చెప్పండ్రి మేడం, నేను ఏడ దొంగ మార్కు ఏసిన?"

ఎక్కడా లేదు. ఒక్కో మార్కు న్యాయంగానే పడింది. అన్నీ కలిపితే అబద్ధం తయారైంది.

"మరి చదవడం?" అన్నాను.

ఆమె లేచి బీరువా తీసింది. అందులోంచి ఇంకో రిజిస్టరు తెచ్చింది. ఇది ప్రోగ్రెస్ కార్డు కాదు, పునాది స్థాయిలో పిల్లల చదువు ఎక్కడుందో నెలనెలా పై అధికారులకు చూపించే లెక్క. పిల్లల పేర్లు నిలువుగా, గడులు అడ్డంగా: అక్షరాలు, పదాలు, వాక్యాలు, పేరా. పెన్సిల్‌తో టిక్కులు. మా పాప పేరు ఎదురుగా ఇంగ్లిష్‌లో టిక్కు 'పదాలు' దగ్గర ఆగింది. తెలుగులో 'పేరా' దాకా పోయింది.

రెండుసార్లు చూశాను. కార్డులో ఇంగ్లిష్‌కు ఏ, తెలుగుకు బి. రిజిస్టరులో తెలుగు ముందుంది, ఇంగ్లిష్ వెనకుంది. ఒకటే పిల్ల, ఒకటే టీచరు, ఒకటే నెల. నిజం చెప్పే రిజిస్టరు బీరువాలో ఉంటుంది, అక్కడి నుంచి ఆఫీసుకు పోతుంది. మా వాడకు వచ్చేది ఏ అన్న అక్షరం.

"ఈ రిజిస్టరు తల్లిదండ్రులకు చూపిస్తరా?"

"ఎవలడిగిండ్రు మేడం ఇప్పటిదాక?"

ఆమె మాటల్లో ఎగతాళి లేదు. అలసట ఉంది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. సి పెడితే మొదట సంజాయిషీ ఆమెను అడుగుతారు. ఏ పెడితే ఎవరూ ఏమీ అడగరు. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. సి వచ్చిన కార్డు ఇంటికి పోతే, మరుసటి జూన్‌లో ఆ పిల్ల పసుపు వ్యాను ఎక్కి ప్రైవేటు బడికి పోతుంది. బడిలో మిగిలింది ముప్పై ఒక్కమంది. ఇంకా పిల్లలు తగ్గితే ఒక టీచరు పోస్టు పోతుందని భయం. ఇద్దరి స్థానంలో ఒక్కరే అయిదు తరగతులు చూడాలి. అంటే ఆ ఏ మా పాప ఇంగ్లిష్‌కు వచ్చింది కాదు. బడి బతకడానికి బడి వేసుకున్న గ్రేడు.

వ్యాను బడి కార్డు నిజం చెబుతుందని అనుకోకండి. అదీ చూశాను, మా పక్కింటి పిల్లాడిది. నున్నటి అట్ట, పిల్లాడి ఫోటో, శాతాలు దశాంశ స్థానాలతో, ర్యాంకు. స్పోకెన్ ఇంగ్లిష్ ఏ, హ్యాండ్‌రైటింగ్ ఏ, మ్యానర్స్ ఏ. ఆ పిల్లాడికి కూడా కుక్కను చెట్టు కింద పెట్టి ఇస్తే దిక్కులు చూశాడు. తేడా ఏమిటంటే ఆ ఏకు వాళ్లమ్మ డబ్బులు కట్టింది.

తెలుగు బి సంగతి అడగడం మరిచిపోయేదాన్నే. టీచరమ్మే పాప తెలుగు పేపరు తీసి ముందు పెట్టింది. "మా ఇల్లు" గురించి సొంతంగా అయిదు వాక్యాలు రాయమన్నారు. పాప నాలుగు రాసింది.

మా నాయిన పట్నం పోయిండు. ఇల్లు కట్టే పనికి పోయిండు. ఐతారం వస్తడు. అప్పుడు మా అమ్మ నవ్వుతది.

నాయిన కింద ఎర్రగీత, పైన నాన్న. పోయిండు కింద రెండుసార్లు ఎర్రగీత, పైన వెళ్లాడు. ఐతారం కొట్టేసి ఆదివారం. వస్తడు, వస్తాడు. నవ్వుతది, నవ్వుతుంది.

ఆ నాలుగో వాక్యం ఇంకోసారి చదవండి. ఎనిమిదేళ్ల పిల్ల రాసింది. నేను ఎంఏ పిల్లల చేత కూడా అలాంటి వాక్యం రాయించలేకపోయాను.

విషయం ఇక్కడుంది మిత్రులారా. ఇంగ్లిష్‌లో ఆ పిల్లను ఎవరూ సొంతంగా ఒక్క మాట రాయమనలేదు. చూసి రాయమన్నారు, రాసింది, ఏ వచ్చింది. తెలుగులో సొంతంగా రాయమన్నారు. రాసింది. తన సొంత మాట రాసినందుకు మార్కులు పోయి బి అయింది.

మన ప్రాథమిక తరగతుల్లో తెలుగుకు విద్యా ప్రమాణాలు రాసి పెట్టారు. వినడం, ఆలోచించి మాట్లాడడం. ధారాళంగా చదవడం, అర్థం చేసుకోవడం. స్వీయరచన, పదజాలం, సృజనాత్మక వ్యక్తీకరణ, భాషను గురించి తెలుసుకోవడం. రాసినవాళ్లు తెలివైనవాళ్లే, తప్పు పట్టను. కానీ ఇవన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి: పిల్లకు తెలుగు ఇంటి నుంచే వస్తుంది, బడి దానికి మెరుగు పెడుతుంది. ఏ ఇంటి నుంచి? పుస్తకంలో ఉన్న తెలుగు ఏ ఇంట్లో మాట్లాడతారో ఆ ఇంటి పిల్లకు అది మాతృభాష. మా వాడ పిల్లకు బడి తెలుగు ఒక కొత్త భాష. ఇంగ్లిష్ రెండో కొత్త భాష. ఆరో తరగతిలో హిందీ వచ్చి మూడోది అవుతుంది. మొదటి కొత్త భాషను నేర్చుకుంటోందని ఏ కార్డూ ఒప్పుకోదు. అందుకని అందులో ఎంత దూరం వచ్చిందో ఏ కార్డూ చెప్పదు. మిగిలిన దూరాన్ని మాత్రం తప్పు అని ఎర్రగీత పెడుతుంది.

ఆ పిల్ల ఎంత దూరం వచ్చిందో నేను చూశాను. సాయంత్రం వాకిట్లో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి టీచరు ఆట ఆడుతోంది. చేతిలో తుమ్మ బరిగె. "పిల్లలూ, ఎక్కడికి వెళ్లారు? నిశ్శబ్దంగా కూర్చోండి," అంటోంది, అచ్చం టీచరమ్మ లాగే. వాళ్ల తమ్ముడు లేచి పరుగెత్తాడు. వెంటనే ఇటు తిరిగి, "ఏడికి పోతున్నవ్‌రా, రా ఈడికి!" అని అరిచింది. రెండు తెలుగులు. ఎక్కడ ఏది వాడాలో ఆ పిల్లకు తెలుసు. భాషాశాస్త్రం క్లాసులో ఈ సంగతి చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది. ఆ కార్డులో దీనికి గడి లేదు.

పదజాలం గడి ఒకటుంది. మా తాతకు తోలు పని మాటలు ఎన్ని వచ్చో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లంద, ఆరె, రంపె, తంగేడు చెక్క. ఏ చర్మం సున్నంలో ఎన్నాళ్లు నానాలి, ఏది చెప్పుకు, ఏది డప్పుకు. వాటిలో ఒక్క మాటా నా చిన్నప్పటి వాచకంలో లేదు. మా తాత బడికి వచ్చి ఉంటే పదజాలంలో ఆయనకు సి.

గిడుగు రామమూర్తి పుట్టినరోజని ఆగస్టు 29న కాలేజీలో భాషా దినోత్సవం చేస్తాం. వేదిక మీద నేనే మాట్లాడతాను. ఆయన సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు తయారుచేసి, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలన్న మనిషి. ఆ మాట చెప్పినప్పుడల్లా గౌరవంగానే చెబుతాను. తెలుగు విషయానికి వచ్చేసరికి ఆయన వాదించి గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని. ఆ శిష్టుల్లో మా నాయిన లేడు. గ్రాంథికం పోయింది, వెళ్లాడు వచ్చింది. పోయిండు ఇంకా ఎర్రగీత కిందే ఉంది. సినిమా పాటల్లో, ఎన్నికల సభల్లో మా యాసకు ఇప్పుడు మంచి గిరాకీ. మూడో తరగతి తెలుగు పేపర్లోకి మాత్రం ఇంకా రాలేదు.

ఆ పేపరు పట్టుకొని టీచరమ్మను ఏదో అనబోయాను. నోరు రాలేదు. ఎందుకో చెప్పాలి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, తొంభైల్లో, మా కార్డు పసుపు రంగు మందపాటి కాగితం. తెలుగులో నూటికి ముప్పై ఎనిమిది. వ్యాఖ్య గడిలో సారు ఎర్ర సిరాతో రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: భాష సరిగా లేదు. తండ్రి సంతకం కావాలి. మా నాయినకు చదువు రాదు. ఎవరైనా చదివి చెప్పాలంటే షావుకారు దుకాణానికి పోవాలి. ఆ దుకాణంలో అందరి ముందు 'భాష సరిగా లేదు' అని చదివితే మా నాయిన ముఖం ఎట్లుంటుందో ఊహించుకొని ఏడ్చాను. తర్వాత రీఫిల్ కొన పీకి, ఊది, సిరా బొటనవేలికి పూసుకొని ఆ గడిలో వేలిముద్ర వేశాను. తొమ్మిదేళ్ల పిల్ల వేలు ఎంతుంటుంది? సుంకరి పని, కూలి పని, చెప్పుల పని చేసిన మనిషి బొటనవేలు ఎంతుంటుంది? సారు చూడలేదు. అయిదో తరగతి దాకా ప్రతి కార్డు మీదా నా వేలిముద్రే. ఒక్కరూ పట్టుకోలేదు. ఆ గడిని చదివే మనిషి ఒకడుంటాడని ఆ కార్డు అచ్చు వేసినవాళ్లు కూడా అనుకొని ఉండరు.

సరే, అది వాళ్ల సంగతి. నా సంగతి ఏమిటంటే, ఉద్యోగం వచ్చిన రెండో ఏడాది డిగ్రీ మొదటి సంవత్సరం పేపర్లు దిద్దుతూ ఒక జవాబు పక్కన నేనూ అదే రాశాను. భాష సరిగా లేదు. ఎర్ర సిరాతోనే. ఆ పిల్లాడు ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాడు. రాసి, పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి ఆ మూడు మాటలు చూశాను. కొట్టేశాను గాని, కొట్టేసినా కనిపిస్తూనే ఉంది. ఆ పిల్లాడు పేపరు తీసుకొని ఏమీ అడగలేదు. నాకు అదే గుర్తుండిపోయింది. కాబట్టి ఆ టీచరమ్మ ఎర్రగీతలు నావి కూడా.

ఇది చదివి కొందరు పెద్దలు సంబరపడతారని తెలుసు. చూశారా, ఇంగ్లిష్ మీడియం పెడితే ఇట్లే ఉంటుంది, మాతృభాషలో చదవనివ్వండి అని మొదలుపెడతారు. ఆగండి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం అని జీవో ఇచ్చినప్పుడు మాతృభాష కోసం కన్నీళ్లు పెట్టినవాళ్ల పిల్లలు, మనవలు ఏ మీడియంలో చదివారో మనం అప్పుడే అడిగాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలతో. అది కావాలని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడూ ఉన్నాను. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేడ్కర్ సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ఏ భాష ఎవరికి అందాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మనకు పాత కథ. సావిత్రీబాయి ఫూలే ఇంగ్లిష్‌ను తల్లి అని కవిత రాసింది ఊరికే కాదు. ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో 2010లో దళితులు ఇంగ్లిష్ దేవతకు గుడి తలపెట్టారంటే నవ్వినవాళ్లకు ఆ ఆకలి తెలియదు.

కానీ ఆకలిగా ఉన్నవాడికి అన్నం బొమ్మ గీసి ఇస్తే? మీడియం మారింది, బోర్డు మీద పేరు మారింది. ఇంగ్లిష్ వచ్చిందా రాలేదా అని చెప్పాల్సిన కాగితం మాత్రం మారలేదు. పదో తరగతి దాకా ఏలు, బిలు వస్తూనే ఉంటాయి. ఇంటర్‌లో, డిగ్రీలో నా ముందు కూర్చున్నప్పుడు ఒక పేరా చదవమంటే తల దించుకుంటారు. తప్పు తమలోనే ఉందనుకుంటారు. ఎందుకంటే కార్డులు అన్నీ బాగానే ఉన్నాయి కదా. పన్నెండేళ్లు ఎవరూ చెప్పని మాట ఒక్క ఇంటర్వ్యూలో ఎవడో చెబుతాడు. ఆ పూట హాస్టల్ గదిలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను, ఇప్పుడు చేత కాదు.

నిజం కనుక్కోవడం కష్టమేమీ కాదు. 2021లో మొదలైన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పిల్ల నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టారు. అంకె సంగతి పక్కన పెట్టండి. అందులో ఒక మాట ఉంది: తెలియని పాఠం. అంటే పిల్ల ముందెప్పుడూ చూడనిది. మా పాప అడిగిన "ఇది ఏ పాఠం అత్తమ్మా" అన్న ప్రశ్నకు అదే జవాబు. 2005 నుంచి ప్రథమ్ వాళ్లు చేసే అసర్ సర్వే ఇంకా సులువు. వాళ్లు బడికి పోరు, ఇంటికి వస్తారు. జిల్లాకు ముప్పై ఊళ్లు, ఊరికి ఇరవై ఇళ్లు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. తల్లి ఎదురుగా, వాకిట్లో, కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. తల్లికి చదువు రాకపోయినా బిడ్డ ఆగిన చోటు వినిపిస్తుంది. ఎవరి ఇంటికీ అది కార్డుగా రాదు. దేశం మొత్తం మీద శాతంగా పేపర్లో వస్తుంది.

మా మరదలికి చెప్పాలి కదా. మళ్లీ ఊరికి వెళ్లిన ఆదివారం చెప్పాను. బడి రిజిస్టరులో ఏముందో, పాప ఎక్కడిదాకా చదువుతుందో, ఎక్కడ ఆగుతుందో. మెత్తగానే చెప్పాననుకున్నాను. ఆమె వింటూ వింటూ లేచి నిలబడింది.

"నువ్వు వచ్చేదాక నా బిడ్డకు ఏ ఉండె వదినె. నువ్వు వచ్చినంక లేకపాయె."

ఏమనాలో తోచలేదు.

"ఫోటో తీపిచ్చి పట్నం పంపిన, మీ తమ్మునికి. మేస్త్రికి సూపెట్టిండట, తోటోల్లకు సూపెట్టిండట. మా తల్లిగారింట్ల, అత్తగారింట్ల ఇప్పటిదాక ఎవలకన్న ఏ వచ్చిందా? ఇదే మొదలు. నీకు సదువున్నది, నీకేమొస్తది దీన్ని తీసేస్తె?"

వెళ్లిపోయింది. రెండు వారాలు మా ఇంటి వైపు రాలేదు. మా అమ్మ నన్ను తిట్టింది: పిల్లకు వచ్చేటప్పుడు వస్తది, ఉన్న సంతోషం పాడుచేస్తివి. నేను ఈ రోజుకీ తేల్చుకోలేదు. ఆ ఏ ఆమెకు మోసమే. ఆ ఏ ఆమె దగ్గరున్న ఒకే ఒక్క సర్టిఫికెట్ కూడా. వాళ్లు అబద్ధం చెప్పి సంతోషపెట్టారు, నేను నిజం చెప్పి అవమానించాను. ఇద్దరం ఆమె అడిగినదానికి నేరుగా జవాబు చెప్పలేదు. ఆమె అడిగింది గ్రేడు ఎంతని కాదు. "సదువుతదా?" అని.

తర్వాత ఇంకో పని చేశాం. మేం అంటే నేను, వాడలో డిగ్రీ చదివే ముగ్గురు పిల్లలు. ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో అయిదో తరగతి లోపు పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకొని, ప్రతి ఒక్కరికీ ఒక కాగితం రాశాం. గ్రేడు లేదు, అంకె లేదు. మా పాప కాగితం ఇది:

"ఇంగ్లిష్ అక్షరాలు అన్నీ వచ్చు. క్యాట్, డాగ్, సన్ లాంటి చిన్న మాటలు తనే చదువుతుంది. వాక్యం ఇంకా చదవలేదు. టీచరు ఇంగ్లిష్‌లో కూర్చో, తలుపు తీయి, పుస్తకం తే అంటే అర్థమైతది. ఇంగ్లిష్‌లో తన పేరు, ఊరు చెప్తది, అడిగినదానికి జవాబు చెప్పాలంటే ఆగుతది. తెలుగులో ఏ పుస్తకమిచ్చినా చదువుతది. ఇంటి తెలుగు మస్తుగ వచ్చు, కథ చెప్తే వినబుద్ధైతది. బడి తెలుగు మాట్లాడడం వచ్చింది, రాయడం నేర్చుకుంటున్నది. వచ్చే రెండు నెలల్లో చూడాల్సింది: కొత్త వాక్యం, రోజుకు ఒకటి."

కాగితం ఇంటికి పంపలేదు. తల్లిని పిలిచి చదివి వినిపించాం. బిడ్డ పక్కనే కూర్చొని వింది. మా మరదలు రాదనుకున్నాను. వచ్చింది. నాతో మాట్లాడకుండా, రాసిన పిల్లాడితో, "మల్ల ఒకసారి సదువు బిడ్డా," అంది. కథ చెబితే వినబుద్ధవుతుంది అన్న చోట నవ్వింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది.

చదువుకుంటున్న మిత్రులకు, సంఘాల్లో పనిచేసే వాళ్లకు ఒక్క సంగతి. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు చేయాల్సిన పనుల జాబితా ఉంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి చెప్పడం కూడా అందులో ఒకటి. కార్డు ఇమ్మని లేదు, చెప్పమని ఉంది. జయంతికి, వర్ధంతికి మనం పెట్టే సభల మధ్యలో మీ వాడ బడికి ఒకసారి వెళ్లి ఆ రెండో రిజిస్టరు చూపించమని అడగండి. టీచరు మీదికి మాత్రం పోకండి. గది నిండా మూడు తరగతులు పెట్టి ఆమెను ఒంటరిగా నిలబెట్టింది ఆమె కాదు. నేను ఆ టీచరమ్మకు మా కాగితాలు చూపించినప్పుడు ఆమె అన్నీ చదివి, "ఇట్ల రాయమంటె నాకు సుఖమే మేడం, ఎవలన్న రాయనిస్తెనా," అంది. తెలుగు పేపర్లు పెన్సిల్‌తో దిద్దుతానని కూడా అంది. పెన్సిలా ఎరుపా అన్నది కాదు కదా అసలు సంగతి అన్నాను. "తెలుసు మేడం, ఒక్కొక్కటే," అంది.

సంక్రాంతి ముందు కొత్త కార్డులు ఇచ్చారు. నేను లేను, టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా మరదలు పత్తి చేను నుంచి అటే బడికి వచ్చిందట. కార్డు చేతికిస్తే తీసుకోలేదట. "ముందు సదివిపియ్యి మేడం. తెల్వనిది." టీచరమ్మ నాలుగో తరగతి పుస్తకంలో ఒక పేజీ తీసింది. పాప మొదటి లైను చదివింది. రెండో లైను ఆగి ఆగి చదివింది. మూడో లైనులో ఒక మాట దగ్గర నిలబడిపోయింది.

వాళ్లమ్మ పేజీ మీదికి వంగి, "ఇగో ఈడనా ఆగింది?" అని వేలు పెట్టి చూసుకుందట. తర్వాత కార్డు తీసుకొని, ఏ ఉందా బి ఉందా అని అడక్కుండా, సంతకం నేర్చుకున్న చేత్తో మెల్లగా సంతకం పెట్టింది.